దయ్యం ఎప్పుడూ పక్క రాష్ట్రానిదే

నా వృత్తి డబ్బింగ్. చెన్నైలో ఉంటూ పరభాషా సినిమాలకు తెలుగు గొంతు ఇస్తాను. కథానాయికలకు ఇచ్చే స్థాయి నాది కాదు. అత్తగార్లు, నర్సులు, ఆసుపత్రి వరండాలో ఏడ్చే బంధువులు, టీవీలో వార్తలు చదివే అమ్మాయిలు నా ఖాతాలోకి వస్తారు. వీళ్లతోపాటు దయ్యాలు. కొరియా, థాయ్‌లాండ్, ఇండోనేషియా సినిమాలు ఫోనులోకి వచ్చి పడ్డాక దయ్యాలకు గిరాకీ బాగా పెరిగింది. నా ఇంటి అద్దెలో పెద్ద వంతు అకాలమరణం పొందిన ఆడవాళ్లే కడుతున్నారు. కనుక వాళ్లంటే నాకు గౌరవం. వాళ్లను తెర మీదికి తెచ్చేవాళ్లతో మాత్రం ఒక పేచీ ఉంది.

ఎవరు దయ్యమవుతారు, ఎవరింటిని ఆ దయ్యం పడుతుంది, ఎవరు వచ్చి వదిలిస్తారు? ఈ మూడు వేషాలూ ఏ జనానికి పంచారో చూస్తే, ఆ సినిమా తీసినవాళ్లు ఎవరిని తమ మనిషి అనుకుంటున్నారో తెలిసిపోతుంది. ప్రాతినిధ్యం గురించి మాట్లాడేవాళ్లు సాధారణంగా తలలు లెక్కపెడతారు. ఆడవాళ్లు ఎందరు, మైనారిటీలు ఎందరు అని. దయ్యం సినిమాల దగ్గర ఆ లెక్క పారదు. ఇక్కడ ఆడవాళ్లకు, పేదవాళ్లకు, పొరుగువాళ్లకు వేషాల కొదవ లేదు. కాకపోతే ముందు చచ్చిపోవాలి.

మా ఊరు విజయనగరం. 2005లో 'చంద్రముఖి' వచ్చినప్పుడు మౌంట్ రోడ్డులోని శాంతి థియేటర్‌లో తమిళంలోనే చూశాను. ఆ హాల్లో ఆ సినిమా రెండేళ్లకు పైగా ఆడింది. రజనీకాంత్‌కు ఈలలు, వడివేలుకు నవ్వులు, అంతా మామూలే. జ్యోతిక కళ్లు పెద్దవి చేసి తెలుగు మాట్లాడటం మొదలుపెట్టగానే మాత్రం హాలంతా గప్‌చుప్. నా పక్క సీటులోని చిన్నపిల్ల తల్లి ఒడిలో ముఖం దాచుకుంది. ఆ పిల్లను అంత భయపెట్టింది మా అమ్మ నన్ను అన్నానికి పిలిచే భాష. కథ ప్రకారం జ్యోతికను పట్టిన నర్తకి చంద్రముఖిది ఆంధ్రలోని విజయనగరం. వేట్టయ్యన్ అనే రాజు ఆమెను చూసి మోహించి, తమిళ నేల మీది తన దేశానికి ఎత్తుకుపోయి, ఆమె ప్రియుడి తల నరికి, ఆమెను తగలబెడతాడు. ఇంత చేసినా బంగళా వాళ్లదే, భయం వాళ్లదే. దయ్యం మాత్రం మాది.

ఈ కథకు మూలం మలయాళంలో 1993లో ఫాజిల్ తీసిన 'మణిచిత్రత్తాళు' అని అందరికీ తెలుసు. అందులో నర్తకి నాగవల్లి తంజావూరు నుంచి వచ్చిన తమిళ స్త్రీ. కేరళ ఇంట్లో తమిళ దయ్యం. 2004లో పి. వాసు దాన్ని కన్నడంలో 'ఆప్తమిత్ర'గా తీస్తే అక్కడి నర్తకి తెలుగు పాట పాడింది. (ఆ పాత్ర వేసిన సౌందర్య సినిమా విడుదలకు ముందే విమాన ప్రమాదంలో పోయింది. ఆ సినిమా చూడటం నాకు ఇప్పటికీ కష్టమే, దయ్యం వల్ల కాదు.) తమిళంలోకి వచ్చినా తెలుగు నర్తకే. 2007లో ప్రియదర్శన్ హిందీలో 'భూల్ భులయ్యా' తీస్తే పాత కోటలో మంజులిక అనే బెంగాలీ నర్తకి తేలింది. అసలు తమాషా 'చంద్రముఖి' తెలుగు డబ్బింగ్‌లో ఉంది. తమిళంలో 'రా రా' అని తెలుగులో పాడిన ఆ దయ్యమే తెలుగు ప్రేక్షకుల దగ్గరికి వచ్చేసరికి 'వారాయ్' అంటూ తమిళంలో పాడింది. అదే నటి, అదే చీర, అదే నాట్యం. రాష్ట్రం మాత్రం మారింది, అదీ డబ్బింగ్ థియేటర్‌లో మైకు ముందు. మా వృత్తికి ఇంత శక్తి ఉందని అప్పటిదాకా నేననుకోలేదు.

ఈ వరుస మొత్తంలో ఏ ఇంటివాళ్లూ తమ సొంత భాష మాట్లాడే దయ్యాన్ని పెట్టుకోలేదు. ఎందుకని నేను చాలాసార్లు ఆలోచించాను. బొత్తిగా తెలియని భాషయితే భయం వేయదు. స్వాహిలీ మాట్లాడే దయ్యాన్ని చూస్తే మనకు జాలో కుతూహలమో కలుగుతుంది తప్ప ఒళ్లు జలదరించదు. సగం అర్థమై సగం అర్థం కాని భాషే భయపెడుతుంది. రైల్లో ఎదురుగా కూర్చున్నవాళ్లు మన గురించే ఏదో అంటున్నారని అనిపించే భాష. దర్శకులకు ఈ కిటుకు తెలుసు. దాన్ని వాడుకోవడం తప్పని నేను అనను, సినిమాగా అది బ్రహ్మాండంగా పనిచేసింది. అయితే భయపెట్టే పని పొరుగు భాషకూ, ఇల్లూ వాకిలీ సొంత భాషకూ పంచే అలవాటు ఇక్కడే బయటపడింది.

ఇంకో సంగతి ఉంది. ఈ దయ్యాలన్నీ పొరుగువాళ్లే కాక, ఆడి పాడి బతికే స్త్రీలు కూడా. గురజాడ 'కన్యాశుల్కం' 1892లో మా ఊళ్లోనే మొదట ప్రదర్శించారు. అందులో మధురవాణి వృత్తి ఏమిటో తెలుగువాడికి వేరే చెప్పక్కర్లేదు. ఆ నాటకంలో అందరికంటే తెలివైనది, అందరి గుట్లూ తెలిసినది, చివరికి పెద్దమనుషుల పీకల మీదికి వచ్చినదాన్ని చక్కబెట్టేది ఆవిడే. నేనెప్పుడూ అనుకుంటాను, మధురవాణి ఎక్కవలసిన రైలు కాక వేరే రైలెక్కి తిరునెల్వేలి వైపు వెళ్లి ఉంటే చంద్రముఖి అయ్యేది. సొంత ఊళ్లో నోరున్న మనిషి, సరిహద్దు దాటితే గజ్జెల చప్పుడు. కళావంతుల వృత్తిని చట్టం 1947లో మద్రాసు రాష్ట్రంలో ఆపేసింది. వాళ్ల నాట్యం సభల్లోకి, పెద్దింటి అమ్మాయిల కాళ్లకు వెళ్లింది. వాళ్లు మాత్రం సినిమాల్లో తాళం వేసిన గదిలో మిగిలారు.

ఈ సినిమా విషయంలో మా వృత్తివాళ్లం మాట్లాడుకునే కథ ఇంకొకటి ఉంది. 'మణిచిత్రత్తాళు'లో శోభనకు జాతీయ అవార్డు వచ్చింది, వచ్చి తీరవలసిందే. దయ్యం పట్టకముందు ఇంటి కోడలు గంగగా ఉన్నప్పుడు ఆమెకు గొంతు భాగ్యలక్ష్మిది. నాగవల్లిగా మారినప్పుడు వినిపించే ఆ తమిళ గొంతూ ఆవిడదేనని జనం ఏళ్ల తరబడి నమ్మారు. అది దుర్గ అనే తమిళ డబ్బింగ్ కళాకారిణి గొంతని ఫాజిల్ స్వయంగా చెప్పాకే లోకానికి తెలిసింది. కథలో నాగవల్లిది పరాయి ఇల్లు, కథ బయట ఆమె గొంతుదీ పరాయి పేరు. నేను ఈ సంగతి చెప్పినప్పుడల్లా మా స్టూడియోలో ఇంజనీరు నవ్వి, "మీ పేరు మాత్రం టైటిల్స్‌లో వేస్తున్నారా అక్కా?" అంటాడు. వేయరు.

మా పనిలో రాసిపెట్టని నియమం ఒకటుంది. ఇంటి యజమానురాలికి పత్రికల తెలుగు. దయ్యానికి మరీ పాతబడిన తెలుగు, "ఎవరక్కడ" తరహాలో. దయ్యాన్ని అందరికంటే ముందు చూసే పనిమనిషికి మాత్రం, "కొంచెం శ్రీకాకుళం పెట్టండమ్మా, నవ్వు రావాలి" అంటారు. నాది ఉత్తరాంధ్ర అని తెలిశాక అలాంటి వేషాలు నాకే వస్తున్నాయి. మూల సినిమా ఏ దేశానిదైనా పనిమనిషి గతి ఒక్కటే. మొదటి పావుగంటలో చూస్తుంది, కేక వేస్తుంది, ఎవరూ నమ్మరు, మూఢనమ్మకమని కసురుతారు. ఇంకో గంటకు యజమానురాలు చూస్తుంది. అప్పుడు అది నిజమవుతుంది. ఈలోగా పనిమనిషి పని మానేసి ఊరెళ్లిపోతుంది, లేదా బావిలో తేలుతుంది. మా ఇంటి యాసలో నేను ఒక్కసారైనా ఒక దయ్యాన్ని నిలదీసి మాట్లాడింది లేదు. పారిపోవడమే.

థాయ్‌లాండ్‌లో ఈ పనిమనిషి సొంత ప్రాంతం ఈసాన్. దేశానికి ఈశాన్యాన లావోస్‌ను ఆనుకుని ఉంటుంది, జనాభాలో దాదాపు మూడో వంతు అక్కడే. వాళ్ల మాట బ్యాంకాక్ మాటకంటే లావో భాషకు దగ్గర. బ్యాంకాక్‌లో టాక్సీ నడిపేవాడు, ఇళ్లలో పనిచేసే అమ్మాయి, టీవీ నాటకాల్లో నవ్వించే వంటామె ఎక్కువగా అక్కడివాళ్లే. 2021లో వచ్చిన 'ద మీడియం' సినిమా మొత్తం ఈసాన్‌లోనే జరుగుతుంది. తీసింది బన్‌జోంగ్ పిసంతనకున్, నిర్మాత కొరియావాడైన నా హోంగ్-జిన్. బాయన్ అనే దేవత ఒక కుటుంబంలోని ఆడవాళ్ల మీదికి తరతరాలుగా వస్తుంటుంది. అక్క నోయ్‌కి ఆ బరువు ఇష్టం లేక క్రైస్తవం పుచ్చుకుంటే దేవత చెల్లెలు నిమ్ మీదికి వచ్చింది. ఇప్పుడు నోయ్ కూతురు మింక్ వంతు. మొదటి గంట నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. నిమ్ కుట్టుపని చేసుకుంటూ, రోగులను పంపించేస్తూ, "క్యాన్సరయితే ఆసుపత్రికి వెళ్లండి" అని విసుక్కునే తరహా మనిషి. మా అమ్మమ్మ ఊళ్లో అమ్మవారు పూనే ఆవిడా ఇలాగే ఉండేది. పూనకం దిగాక వెళ్లి గేదెకు కుడితి పెట్టేది.

రెండో గంటలో నాకు చిరాకు మొదలైంది. నోయ్ చేసే వ్యాపారం కుక్క మాంసం అమ్మడం. ఈసాన్ వాళ్ల మీద రాజధానివాళ్లు వేసే పాత నింద అదే, దాన్ని తెచ్చి సరిగ్గా దయ్యం పట్టబోయే ఇంటికి తగిలించారు. ఆ తర్వాత ఊరూ అడవీ మనుషులూ కలిసి ఒక్క ముద్దగా భయంకరమైపోతారు. అయితే దర్శకుడు తెలివిగా ఒక పని చేశాడు. సినిమా అంతా డాక్యుమెంటరీలా ఉంటుంది. రాజధాని నుంచి కెమెరాలు పట్టుకొచ్చిన బృందం ఈ కుటుంబాన్ని రాత్రింబవళ్లు చిత్రిస్తుంటుంది. ఆడపిల్ల ఒళ్లు తెలియకుండా చేసే పనులనూ వదలకుండా తీస్తుంది. చివరికి ఆ బృందం గతి ఏమైందో చెప్పి మీ వినోదం చెడగొట్టను గానీ, నాకు మాత్రం తృప్తి కలిగింది.

అదే ఈసాన్, వేరే చేతుల్లో ఎలా ఉంటుందో చూడాలంటే 'అంకుల్ బూన్మీ' చూడాలి. 2010లో కాన్ చిత్రోత్సవంలో అన్నిటికంటే పెద్ద బహుమతి పామ్ దోర్ తెచ్చుకున్న సినిమా. దర్శకుడు అపిచాట్‌పోంగ్ వీరసేథకున్ ఈసాన్‌లోని ఖోన్ కేన్‌లో పెరిగినవాడు. మూత్రపిండాల జబ్బుతో చావుకు దగ్గరపడ్డ రైతు బూన్మీ భోజనం చేస్తుంటే ఎప్పుడో పోయిన భార్య పక్క కుర్చీలో మెల్లగా ప్రత్యక్షమవుతుంది. కాసేపటికి తప్పిపోయిన కొడుకు ఎర్రటి కళ్లతో, ఒళ్లంతా బొచ్చుతో మెట్లెక్కి వస్తాడు. ఎవరూ కెవ్వుమనరు. ఇంత బొచ్చు ఎందుకు పెరగనిచ్చావని అడుగుతారు. భార్యకు ఆమె అంత్యక్రియల ఫోటోలు చూపిస్తారు. ఇక్కడ దయ్యాలు సొంత భాషలో మాట్లాడే సొంత మనుషులు. భయపడవలసినది వేరే ఉంది. ఒకప్పుడు కమ్యూనిస్టులను చంపిన పాపమే ఈ జబ్బుగా వచ్చిందేమోనని బూన్మీ అంటాడు. ఆ పొలాల్లో సైన్యం ఏం చేసిందో ఈసాన్ వాళ్లకు తెలుసు. పైగా బూన్మీకి సేవ చేసే కుర్రాడు లావోస్ నుంచి వచ్చిన కూలీ. ఆ కూలీలంటే బూన్మీ మరదలికి అనుమానం. బ్యాంకాక్ కంటికి ఈసాన్ ఎలా ఉంటుందో, ఈసాన్ కంటికి లావోస్ అలా ఉంటుందని సినిమా మెల్లగా చెప్పి ఊరుకుంటుంది. దీన్ని దయ్యం సినిమాల వరుసలో పెట్టినందుకు సినిమా పండితులు కోప్పడతారేమో. పెడతాను.

కొరియావాళ్ల లెక్క వేరు, అక్కడ పక్కింటి దయ్యం ఒకప్పుడు వాళ్లను ఏలినవాడు. 2024లో ఆ దేశంలో కోటికి పైగా టిక్కెట్లు తెగిన 'ఎగ్జూమా'లో సమాధి కింద నిలువునా పాతిపెట్టి ఉన్న పెట్టెలోంచి లేచేది జపాన్ యోధుడి ప్రేతం. మంత్రగత్తె హ్వారిమ్‌గా కిమ్ గో-ఉన్ వేసిన పాత్ర స్పోర్ట్స్ బూట్లు వేసుకుని పూనకం ఆడుతుంది, ఆ ప్రేతంతో జపాన్ భాషలోనే మాట్లాడుతుంది. దర్శకుడు చాంగ్ జే-హ్యోన్ పాత్రలకు స్వాతంత్ర్య యోధుల పేర్లు పెట్టాడు. కార్ల నంబర్లలో కూడా 1945, 0815, 0301 అని విమోచన తేదీలు, ఉద్యమ తేదీలు దాచాడు. బలవంతుడిని దయ్యంగా చేయడం, బలహీనుడిని దయ్యంగా చేయడం ఒకటి కాదు గనుక దీని మీద నాకు పేచీ లేదు. అంతకంటే నచ్చింది మాత్రం 2016 నాటి 'ద వెయిలింగ్'. కొండ మీద ఒంటరిగా ఉంటున్న జపాన్ ముసలివాడే ఊరికి పట్టిన పీడ అని అందరూ అనుకుంటారు. ఆ అనుమానం సరైనదా, పరాయివాడని పుట్టిందా అన్నది ప్రేక్షకుడు కూడా చివరిదాకా తేల్చుకోలేడు. ఆ పాత్ర వేసిన జున్ కునిమురాకు ఆ ఏడాది కొరియా సినిమావాళ్ల బ్లూ డ్రాగన్ అవార్డు ఇచ్చారు. ఆ అవార్డుల్లో గెలిచిన మొదటి విదేశీయుడు ఆయనే. కథలో ఊరు తరిమిన మనిషిని బయట సన్మానించారు, బాగుంది.

మన దగ్గరికి వద్దాం. తెలుగు దయ్యం సినిమాల్లో ముస్లింకు చాలాకాలంగా ఒక స్థిరమైన ఉద్యోగం ఉంది, దయ్యాన్ని వదిలించడం. 2009 నాటి 'అరుంధతి'లో షాయాజీ షిండే వేసిన అన్వర్ ఫకీరు గుర్తున్నాడు కదా. ఇది గాల్లోంచి పుట్టింది కాదు. పిల్ల ఉలిక్కిపడుతుంటే దర్గాకు తీసుకెళ్లి తాయెత్తు కట్టించడం మన ఊళ్లలో మతంతో పనిలేని అలవాటు, మా ఇంట్లోనూ ఉంది. ఫకీరు వస్తాడు, సాంబ్రాణి వేస్తాడు, ప్రాణం అడ్డుపెడతాడు. అతనికి ఇల్లు ఉందా, పెళ్లాం పిల్లలు ఉన్నారా అని మాత్రం ఏ సినిమా చెప్పదు.

2022లో సాయికిరణ్ తీసిన 'మసూద' ఈ పద్ధతిని కొంత కదిలించింది. విడిగా ఉంటున్న టీచరు నీలం, ఆమె కూతురు నాజియా, పక్క ఫ్లాట్‌లో ఉండే భయస్థుడైన కుర్రాడు గోపి. సంగీత, బాంధవి, తిరువీర్ ముగ్గురూ మామూలు మనుషుల్లా కనబడతారు. అద్దె ఇంట్లో మతాంతర వివాహం చేసుకున్న స్త్రీ కథానాయికగా ఉండటమే ఒక విశేషం, దాని మీద ఉపన్యాసం లేకపోవడం ఇంకో విశేషం. వదిలించే రిజ్వాన్ బాబా పాత్రలో శుభలేఖ సుధాకర్ గొంతు పెంచకుండా చేసిన తీరు నేను పాఠంలా విన్నాను. అంతా బాగానే ఉంది. దయ్యం మాత్రం నిలువెత్తు నల్ల బురఖా. మొదట్లో ఆమె ముఖం కనబడదు, నడక కూడా సరిగా కనబడదు, ఆ గుడ్డే భయం. హాల్లో ఆ గుడ్డ తెరమీదికి వచ్చినప్పుడల్లా నా వెనక వరుసలో ఇద్దరు బురఖా వేసుకున్న అమ్మాయిలు అందరితోపాటు కేకలు వేసి, అందరితోపాటు నవ్వుకున్నారు. వాళ్లకు లేని బాధ నీకెందుకని మీరనవచ్చు. అయినా విరామంలో వాళ్లు పాప్‌కార్న్ వరుసలో నిలబడితే ఒక కుర్రాడు "మసూద, మసూద" అని అరిచాడు. అప్పుడు వాళ్లు నవ్వలేదు.

అదే నల్లగుడ్డ 'అండర్ ద షాడో'లో ఉంది. 2016లో వచ్చిన పర్షియన్ సినిమా. టెహ్రాన్‌లో పుట్టిన బాబక్ అన్వరీ తీశాడు. ఇరాన్‌లో తీయడం సాధ్యం కాక జోర్డాన్‌లో తీశారు, బ్రిటన్ దాన్ని తన తరఫున ఆస్కార్‌కు పంపింది. 1980ల టెహ్రాన్, ఇరాక్ క్షిపణులు పడుతున్న రోజులు. ఒకప్పుడు వామపక్ష రాజకీయాల్లో తిరిగిందని షీదేను వైద్య కళాశాలలోకి మళ్లీ రానివ్వరు. డాక్టరైన భర్త యుద్ధరంగానికి వెళ్తాడు. ఆమె, చిన్నకూతురు అపార్ట్‌మెంట్‌లో మిగులుతారు. పై అంతస్తు కప్పులోంచి పేలని క్షిపణి ఒకటి దిగబడుతుంది. దానితోపాటు జిన్ను వచ్చిందని పొరుగువాళ్లు అంటారు.

ఒక రాత్రి షీదే జిన్నుకు భయపడి కూతురిని ఎత్తుకుని వీధిలోకి పరుగెడుతుంది. తల మీద గుడ్డ లేదు. గస్తీవాళ్లు పట్టుకుని ఠాణాకు తీసుకెళ్తారు. కొరడా దెబ్బలు తప్పాయి, సంతోషించమని చెప్పి తల నుంచి పాదాల దాకా కప్పే ఒక చాదర్ కప్పి పంపిస్తారు. ఇంట్లో దయ్యం, వీధిలో పోలీసు. ఆ తర్వాత జిన్ను ఆమెకు కనిపించే రూపం ఏమిటో తెలుసా? గాలికి ఉబ్బిన పెద్ద చాదర్. లోపల మనిషి లేదు. 'మసూద'లో ఆ గుడ్డ వేసుకున్న మనిషిని చూసి బయటివాళ్లు భయపడతారు. ఇక్కడ ఆ గుడ్డ తనను మింగేస్తుందని దాన్ని కప్పుకోవలసిన మనిషి భయపడుతుంది. నల్లగుడ్డను భయానికి వాడొద్దని నేను ఏ దర్శకుడికీ చెప్పను. కెమెరా గుడ్డకు ఏ వైపు నిలబడిందని మాత్రం అడుగుతాను.

ప్రాతినిధ్యం ఈ మధ్య వచ్చిన ఫ్యాషన్ అనేవాళ్లకు ఒక పాత సంగతి చెబుతాను. 1957లో సింగపూర్‌లో 'పొంటియానక్' అనే మలయ్ సినిమా వచ్చింది. పురిట్లో పోయిన స్త్రీ దయ్యమై తిరిగే కథలు మనకూ కొత్త కావు. బాలింత మంచం దగ్గర ఇనుప ముక్క పెట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. పొంటియానక్ మెడ వెనక మేకు దిగ్గొడితే ఆమె బుద్ధిమంతురాలైన భార్యగా మారిపోతుందట, ఇది మాత్రం వాళ్ల ప్రత్యేకత. ఆ సినిమా దర్శకుడు బి.ఎన్. రావు, మన దక్షిణాదిలో తమిళ చిత్రాలు తీసి అటు వెళ్లినవాడు. పెట్టుబడి పెట్టిన కేథే-కెరిస్ సంస్థ అక్కడి చైనీయులది. దయ్యం వేసిన మరియా మెనాడో ఇండోనేషియాలోని సులావెసీ నుంచి వచ్చింది. సంగీతం జుబీర్ సయీద్, తర్వాత సింగపూర్ జాతీయ గీతానికి బాణీ కట్టింది ఆయనే. ఇంతమంది పరాయివాళ్లు కలిసి ఆ నేల మీది దయ్యాన్ని ఆ నేల భాషలోనే నిలబెట్టారు. సినిమా విరగబడి ఆడింది, వెంటనే రెండు కొనసాగింపులు తీశారు. మొదటి సినిమా ప్రింటు ఒక్కటి కూడా ఇప్పుడు దొరకదు. నిర్మాత తన రీళ్లను నీళ్లలో పారేశాడని చెబుతారు.

'కాంచన' మీద నాకు రెండు మనసులు. 2011లో రాఘవ లారెన్స్ తీసిన ఆ సినిమా తెలుగులో ఎంత ఆడిందో చెప్పక్కర్లేదు, టీవీలో ఇప్పటికీ ఆదివారాలు వస్తూనే ఉంది. అందులో కథానాయకుడి ఒంట్లోకి దూరే ఆత్మలు మూడు: కాంచన అనే హిజ్రా, ఆమెకు ఆశ్రయం ఇచ్చిన ముస్లిం పెద్దాయన, బుద్ధిమాంద్యం ఉన్న ఆయన కొడుకు. భూకబ్జా చేసే ఎమ్మెల్యే ముగ్గురినీ చంపించి పాతిపెట్టాడు. దేశంలో ఎవరి మాట ఎవరూ వినరో వాళ్ల జాబితా రాయమంటే దాదాపు ఇదే రాస్తారు. సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్లను మూడో లింగంగా గుర్తించింది 2014లో. అంతకు మూడేళ్ల ముందే ఒక మాస్ సినిమా, ఇంట్లోంచి గెంటేసిన హిజ్రాను మరో అనాథను పెంచి డాక్టరును చేసిన తల్లిగా చూపించింది. శరత్ కుమార్ ఆ పాత్రను ఎక్కడా ఎగతాళి చేయలేదు. అదే సినిమా మొదటి సగంలో లారెన్స్ ఆడనడక నడిస్తే హాలు పొట్టలు పట్టుకుని నవ్వుతుంది. రెండో సగంలో ఆ నడక ఎవరిదో తెలిశాక ఏడుస్తుంది. నవ్వినందుకు సిగ్గుపడమని సినిమా అడగదు.

మాతో గుంపు గొంతులకు వచ్చే ఒక ట్రాన్స్ మహిళ ఉంది. ఆ సినిమా వచ్చాక వీధిలో పిల్లలు తనను చూసి పారిపోవడం మొదలైందని, ముందయితే రాళ్లు వేసేవాళ్లని చెప్పింది. పారిపోవడమే నయమట. ఆమె గొంతు నిండుగా ఉంటుంది. కాంచన లాంటి పాత్ర మళ్లీ వస్తే తనకు ఇవ్వమని ఒక సమన్వయకర్తను అడిగితే, "నీ గొంతు సరిపోదమ్మా, మగ ఆర్టిస్టు కావాలి" అన్నాడు.

కులం గురించి ఒక్క సినిమా చాలు, ఎందుకంటే మిగతావాళ్లు దాని జోలికి పెద్దగా పోలేదు. 2024లో రాహుల్ సదాశివన్ నలుపు తెలుపులో తీసిన 'భ్రమయుగం'. పదిహేడో శతాబ్దపు మలబారు. అడవిలో దారి తప్పిన పాణన్ కులపు పాటగాడు తేవన్ పాడుబడ్డ ఒక 'మన' (కేరళ బ్రాహ్మణుల పెద్ద ఇల్లు) ముందుకు వస్తాడు. గుమ్మం ఎక్కే అర్హత లేదని అతనే వెనక్కి తగ్గుతాడు. మమ్ముట్టి వేసిన ఇంటి యజమాని పోట్టి నవ్వుతూ లోపలికి రమ్మంటాడు, కులం పట్టింపు లేదంటాడు, పాట పాడమంటాడు, అన్నం పెట్టిస్తాడు. అక్కడే తలుపు మూసుకుంటుంది. పేదవాడికి పెద్దింట్లో దక్కే మర్యాదను ఇంత భయంగా చూపించిన సినిమా నేను ఇంకొకటి చూడలేదు. చంద్రముఖి కథలన్నిట్లో దయ్యం బంగళాలోకి దూరుతుంది. ఇక్కడ బంగళాయే పీక్కుతింటుంది, దానికి గంధం పూసిన ఛాతీ, తీరికైన నవ్వు.

పోయిన నెల నాకొక కొత్త పని వచ్చింది. ఆగ్నేయాసియా సినిమా, పేరు చెప్పకూడదని ఒప్పందం. మళ్లీ పనిమనిషే, మళ్లీ మొదటి పావుగంటే. "కొంచెం శ్రీకాకుళం" అన్నారు. పనిమనిషికి మామూలు తెలుగు ఇచ్చి, ఇంటి పెద్దావిడకు ఉత్తరాంధ్ర యాస పెడదామా అని అడిగాను, పెద్దావిడ కూడా పల్లెటూరి మనిషే కదా అని. డబ్బింగ్ రచయిత నన్ను కాసేపు చూసి, అప్పుడు జనం భయపడాలో నవ్వాలో తెలియక తికమకపడతారన్నాడు. ఆ సంభాషణ అక్కడితో ఆగింది, నేను శ్రీకాకుళంలోనే కేక వేసి చెక్కు తీసుకున్నాను.

ఇవి చూడాలనుకునేవాళ్లకు ఒక మాట. 'ద మీడియం' రాత్రి ఒంటరిగా చూడకండి. 'అంకుల్ బూన్మీ' నిద్రమత్తులో చూసినా పరవాలేదు, అదీ ఒక పద్ధతే. 'అండర్ ద షాడో'కు ఏ భాషలో డబ్బింగ్ దొరికినా వదిలేసి పర్షియన్‌లోనే చూడండి. ఠాణాలో ఆ అధికారి గొంతు పెంచకుండా మాట్లాడే తీరును మాలో ఎవరమూ తెలుగులోకి తేలేము, తెచ్చే జీతమూ మాకు ఇవ్వరు.